టర్బో కారుకి కొత్త హంగులా? ట్యూనింగ్ మరవకండి!

తెరమీద హీరో గేరు మార్చాడంటే కారు రివ్వున దూసుకుపోతుంది. హాల్లో ఈలలే ఈలలు! మర్నాడు తిరుపతి కుర్రకారు టర్బో కార్లతో మెకానిక్ షెడ్డు ముందు ప్రత్యక్షం! "అన్నా, కొత్త సామాను బిగిస్తే మళ్ళీ ట్యూనింగ్ చేయించాల్నా?"

జవాబు సామానుని బట్టి ఉంటుంది. మామూలు ఎయిర్ ఫిల్టరో, వెనక సైలెన్సరో మారిస్తే కారులోని కంప్యూటర్ చాలావరకు తనే సర్దుకుంటుంది. కానీ పెద్ద టర్బో, పెద్ద ఇంజెక్టర్లు బిగించారా, పాత లెక్క చెల్లదు. రీట్యూనింగ్ తప్పదు! పెట్రోలు ఇంజనులో గాలికి తగ్గ ఇంధనం అందకపోతే 'నాకింగ్' మొదలై పిస్టన్లే దెబ్బతినొచ్చు. డీజిల్‌లో ఇంధనం ఎక్కువైతే నల్లపొగ, టర్బోకి విపరీతమైన సెగ.

బజారులో బాగానే పరిగెత్తిందని మురిసిపోకండి. అసలు పరీక్ష తిరుమల కొండ! 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఇంజనుకి విశ్రాంతి ఉండదు. పైకెళ్ళేకొద్దీ గాలి పలచబడి టర్బోకి శ్రమ పెరుగుతుంది. ట్యూనింగ్‌లో లోపముంటే అక్కడే బయటపడుతుంది.

ఇంకో మాట. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. వారంటీకీ చిక్కే! అందుకే సామాను కొనకముందే మెకానిక్‌నీ, చట్టాన్నీ అడగండి. ట్యూనింగ్‌కి డబ్బు మిగలకపోతే సామాను జోలికే పోకండి.

సినిమాలో కారు చెడితే ఇంకోటి తెస్తారు. మనింట్లో ఉన్నది ఒక్కటే కదా!