శ్రుతిని చెఱచిన రొద

కంప్యూటరునకు తగిలించుకొను స్పీకరులనుండి పాటతోపాటు గుయ్యిమని యొక రొద వచ్చుట మీలో పలువురి కనుభవమే. అది చెవికి విసుగు గొల్పుటయేకాని వేఱు హాని లేనిదని మేమును చాలకాలము తలంచితిమి. ఆ రొద మా యింట నెట్టి తగవు తెచ్చెనో, దానిని మాన్పబోయి మే మెంతటి ముప్పు కొనితెచ్చుకొంటిమో విన్నవించుకొనుచున్నాము.

మాది విజయనగరము. 1919లో మహారాజావారి సంగీత కళాశాల వెలసినది యిచ్చటనే. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి ప్రధానాచార్యులు. ద్వారం వెంకటస్వామి నాయుడుగా రందు ఫిడేలు నేర్పిరి. అట్టి యూర శ్రుతి తప్పిన పాటను ఇరుగుపొరుగువారు సైతము మన్నింపరు. మా పెద్దమ్మాయి గాత్రము నేర్చుకొనుచున్నది. దాని శ్రుతి అయిదు కట్టె. తెల్లవారుజామున కంప్యూటరులో తంబుర నాదము పెట్టి, స్పీకరులలో వినుచు సాధన చేయును. కొన్నాళ్లకు దాని షడ్జము కొంచెము హెచ్చుగా పలుకసాగెను. గురువుగారు రెండుమాఱులు చెప్పి చూచిరి. మేము మందలించితిమి, ఒకనాడు గట్టిగా కసరితిమి కూడ. "తంబురతోనే కదమ్మా పాడుతున్నాను" అని పిల్ల కంట నీరు పెట్టుకొనెను. మేము వినలేదు.

ఒక వేకువను తంబుర ఆపియుండగా స్పీకరులు మాత్ర మూరకుండక పలుకుచుండుట గమనించితిమి. మావారు పాఠశాలలో గణితము చెప్పువారు కనుక వెంటనే కాగితము తీసిరి. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు క్షణమునకు 50 పర్యాయములు ఊగిసలాడును. దానివలన పుట్టు రొదలో 50 మాత్రమేగాక 100, 150, 200 అను గుణిజములును ఉండును. చిన్న స్పీకరులు అడుగు నాదమును సరిగా పలుకజాలవు. పై గుణిజములనే వినిపించును. ఆడువారి అయిదు కట్టె షడ్జము క్షణమునకు సుమారు 196 కంపనములు. రొదలోనిది 200. ఆ రెండును కలిసినచో క్షణమునకు నాలుగు మాఱులు నాదము అలవలె ఊగును. పిల్ల తంబురను వినబోయి రొదను కూడ వినుచున్నది, దానివైపునకే జరుగుచున్నది. తప్పు పిల్లది కాదని తెలిసి మేము సిగ్గుపడితిమి.

బజారునుండి మరమ్మతు చేయు కుఱ్ఱవానిని పిలిపించితిమి. అత డిటునటు చూచి, "ఈ పెద్ద పిన్నుకున్న తీగ తీసేస్తే గోల వదిలిపోద్ది అమ్మగారూ" అని, స్పీకరుల మూడుపిన్నుల ప్లగ్గు విప్పి, ఎర్తు తీగను కత్తిరించి వేసెను. రొద తక్షణమే మాయమయ్యెను. మేము సంతసించి, కూలి యిచ్చి, కాఫీ కూడ యిచ్చి పంపితిమి.

రెండు నెలలు గడచెను. శ్రావణమాసమున ముసురు పట్టియున్న యొక యుదయము అమ్మాయి తలంటి పోసికొని వచ్చి, తీగ సరిచేయుటకై స్పీకరు వెనుకనున్న రేకును తాకెను. కెవ్వుమని కేకతో చేయి వెనుకకు విసరికొట్టుకొని గోడకు తగిలి పడెను. మావారు పరుగున పోయి మెయిను స్విచ్చి దింపిరి. దైవానుగ్రహమున చేతి తిమ్మిరితోను మోచేతి దెబ్బతోను పోయినది. ఆ దినము మా యింట పొయ్యి వెలుగలేదు.

పిమ్మట వచ్చిన వృద్ధుడైన విద్యుత్తు మేస్త్రి స్పీకరు విప్పి చూపెను. లోపలి తీగ పైతొడుగు చెడి, 230 వోల్టుల విద్యుత్తు వెనుకరేకునకు తగులుచుండెను. ఎర్తు తీగ యున్నయెడల ఆ విద్యుత్తు భూమిలోనికి పోవును, ఫ్యూజు కాలియో, ట్రిప్పు స్విచ్చి పడియో స్పీకరులు ఆగిపోవును. ఆ తీగ లేకపోవుటచే రేకు ఒక చేతికొఱకు కాచుకొనియున్నది. ప్లగ్గులోని మూడవ పిన్ను మిగిలినవానికంటె పొడవుగా నుండుటయు నిందులకే: సాకెట్టులో అది ముందుగా తగులవలెను, చివరగా వీడవలెను.

ఐతే ఎర్తు తీసివేసినంతనే రొద యేల పోయెను? ఈ ప్రశ్న మమ్ము చాల వేధించెను. మేస్త్రి చెప్పినదానిని మా మాటలలో చెప్పెదము. మా కంప్యూటరు తూర్పుగోడ సాకెట్టున, స్పీకరులు ఉత్తరపుగోడ సాకెట్టున ఉండెను. రెండిటికిని వేఱువేఱు తీగలతో భూమితో సంబంధము. ఆపై పాట మోయు తీగ యీ రెండిటిని కలుపుచున్నది. రెండు చెఱువుల నీటిమట్టములలో అంగుళము భేదమున్నను నడుమ కాలువలో నీరు పాఱినట్లు, ఆ రెండు ఎర్తుల నడుమనున్న స్వల్పభేదముచే పాట తీగలో విద్యుత్తు పాఱును. స్పీకరు దానినే పాట యనుకొని పెంచి వినిపించును. ఎర్తు కోసినచో ఆ వలయము తెగుట నిజమే. కాని తెంపవలసిన చోటు అది కాదు. రెండు ప్లగ్గులను ఒకే బోర్డులో పెట్టవలెను. మే మట్లు చేయగా రొద చాలవఱకు తగ్గెను. మిగిలినదానికి పాట తీగ నడుమ ఐసొలేటరను చిన్న డబ్బీ తగిలించితిమి. దానిలో చిన్న ట్రాన్స్ఫార్మరులుండును. పాట అయస్కాంతశక్తితో ఆవలికి దాటును, లోహసంబంధము మాత్ర ముండదు. దానితో రొద పూర్తిగా పోయినది.

అన్ని రొదలును ఒకటి కావు. స్వయంవరమున నలుని రూపే ధరించిన దేవతల నడుమ దమయంతి, భూమిపై పాదములు ఆనుట మొదలగు గుఱుతులచే తన నలుని కనుగొనెను గదా! మనమును గుఱుతులనే చూడవలెను. మొదట స్పీకరు ధ్వనిమరను సున్నకు త్రిప్పుడు. అప్పటికిని రొద తగ్గనిచో దోషము సాధారణముగా పెట్టెలోపలిది. పాతబడిన కెపాసిటరు ఎండిపోవుట అందు తఱచు కారణము. అట్టిదానిని మీరు విప్పవలదు. ప్లగ్గు తీసిన పిమ్మటను కెపాసిటరులో విద్యుత్తు నిలిచియుండవచ్చును. రొద మరతోపాటు తగ్గినచో అది తీగవెంట వచ్చుచున్నదని గ్రహింపుడు. అప్పుడు జాక్కును కంప్యూటరునుండి తీసి, ఛార్జరు తగిలింపని చేతిఫోనునకు పెట్టి చూడుడు. నిశ్శబ్దమైనచో స్పీకరులు నిర్దోషులు. ఒడిలో పెట్టుకొను కంప్యూటరైనచో ఛార్జరు తీసి చూచిన చాలును. తీయగానే రొద ఆగినయెడల కారణము ఆ ఛార్జరు త్రోవనే వచ్చుచున్నది. ఒక్కొక్కతూరి ఒక్క వస్తువునే మార్చవలెను. రెండు మార్చినచో ఏది దోషియో తెలియదు.

మౌసు కదల్చినప్పుడెల్ల కీచుమను సన్నని ధ్వని వచ్చినచో అది కంప్యూటరు లోపలి పనుల చప్పుడు. బయట తగిలించు చిన్న సౌండుకార్డు కొనిన తఱచు తగ్గును. స్పీకరులు కంప్యూటరునుండియే విద్యుత్తు తీసికొనుచున్నయెడల వానికి వేఱు అడాప్టరు పెట్టి చూడుడు. ఫోను మ్రోగుటకు ముందు టకటకమని వచ్చు ధ్వనికి మందు ఫోనును జానెడు దూరము కాదు, మూడు మూరల దూరముంచుటయే. 2జీ ఫోను క్షణమునకు సుమారు 217 మాఱులు ఆగియాగి తరంగములు పంపును. ఆ దరువే వినబడును. ఫ్యాను రెగ్యులేటరు సగమునకు త్రిప్పినపుడు గరగర పెరిగినచో దానిని పూర్తిగా త్రిప్పి చూడుడు.

సుస్సుమను రొద మాత్రము పలువురిండ్లలో మన యజ్ఞానమువలననే కలుగుచున్నది. కంప్యూటరులో ధ్వనిని బాగుగా తగ్గించి స్పీకరులలో పూర్తిగా హెచ్చింతురు. రహస్యము చెప్పువానిచేతికి మైకు ఇచ్చినట్లు, వాని మాటకంటె వాని ఊపిరియే ఎక్కువ వినబడును. కంప్యూటరు ధ్వనిని ఇంచుమించు నిండుగా నుంచి, స్పీకరు మరను వలసినంతకు దింపుడు.

మా పుట్టినిల్లు శ్రీకాకుళము జిల్లాలోని కళింగపట్నము. వంశధార సముద్రమున కలియుచోటు. ఉప్పుగాలికి అచ్చటి కిటికీ ఊచలు సైతము తుప్పుపట్టును. మా తమ్ముని స్పీకరులు కటకటమని ఒక చెవి మాత్రమే పలుకుచుండగా క్రొత్తవి కొనబోయెను. మేము జాక్కు తీసి చూడగా దానిపై చిలుము పట్టియుండెను. ప్లగ్గు లన్నియు తీసి పొడిగుడ్డతో తుడిచి పదిమాఱులు పెట్టి తీయగా కుదిరినది. మరదలు నవ్వి, "వదినగారు రెండు వేలు మిగిల్చారు" అనెను. కాని మా కంటబడిన మఱియొక సంగతి అంతకంటె ముఖ్యము. వారి పెరటిలోని ఎర్తు గొయ్యి వద్ద తీగ బిగింపు తుప్పుపట్టి రాలిపోయియున్నది. సాకెట్టులో మూడు రంధ్రములున్నను మూడవది వట్టి రంధ్రమే! తీరమునందుండు సోదరీమణులు ఏటేట మేస్త్రిచే దానిని కొలిపింపుడు. ఉప్పు, బొగ్గు నింపిన గొయ్యియైనచో వైశాఖపుటెండలలో నేల బీటలువాఱకముందే వారమునకు రెండు బిందెల నీరు పోయుడు. ముప్పది మిల్లీ ఆంపియరుల ట్రిప్పు స్విచ్చి లేనివారు పట్టుచీర నొకదానిని వాయిదా వేసియైనను పెట్టించుకొనవలెనని మా మనవి.

మా స్పీకరుల తీగను మేస్త్రి మార్చి, ప్లగ్గునకు క్రొత్త ఎర్తు తీగ బిగించెను. అమ్మాయి కొన్నాళ్లు వానిదరికి పోవుటకు జంకి, తమ్మునిచే మర త్రిప్పించుకొనెడిది. ఇప్పుడు తానే త్రిప్పుకొనుచున్నది. షడ్జము నిలిచినది. ఇక మిగిలిన రొద మా వంటింటి మిక్సీది. మేము పచ్చడి రుబ్బునంతసేపు పిల్ల పాట ఆపి, తంబుర మాత్రము విప్పియుంచి, మా పని ముగియుటకై ఎదురుచూచును.