దట్టముగా ముసిరిన ద్రాక్షపందిరిని కత్తిరించు విధము

ద్రాక్షపందిరి దట్టముగా అల్లుకొని నేలపై ఎండ పడనీయకున్నచో చూచువారికి ముచ్చటగా నుండును. కాని అట్టి పందిరియందే కాపు తగ్గి, గుత్తులు చిన్నవై, బూడిద తెగులును బూజు తెగులును చేరును. ఆకు పెరుగుట వేఱు, పండు కాచుట వేఱు.

శీతలదేశములలో ద్రాక్ష చలికాలమున ఆకు రాల్చి విశ్రమించును గనుక అచ్చట ఏటికి ఒక కత్తిరింపు చాలును. హైదరాబాదు ప్రాంతమున తీగె ఏడాది పొడుగునను పచ్చగానే యుండును. కావున ఇచ్చట రెండు కత్తిరింపులు చేయవలెను.

మొదటిది వేసవి కత్తిరింపు. పండ్లు కోసిన పిమ్మట మార్చి, ఏప్రిలు నెలలలో ముదురు తీగెలను 1 లేక 2 కన్నులు నిలిపి కోయవలెను. ఇది పండ్ల కొఱకు కాదు, రాబోవు కాపునకు పునాది. క్రొత్త తీగెల కన్నులలో పూగుత్తి సుమారు 40 మొదలు 60 దినములలో ఏర్పడును. అప్పుడు ఎండ తగులని తీగె గొడ్డుపోవును. కావున ఒత్తుగా వచ్చిన బలహీనపు చిగుళ్లను గిల్లివేయవలెను.

రెండవది కాపు కత్తిరింపు. దీనిని వానలు వెనుకబట్టిన పిదప అక్టోబరులో చేయుదురు. ముదిరి గోధుమవన్నె తిరిగిన తీగెపై అనాబ్-ఎ-షాహి రకమునకు సుమారు 5 కన్నులు నిలుపవలెను. థామ్సన్ సీడ్‌లెస్ రకమునకు గుత్తులు పైకన్నులలో నుండును గనుక అంతకంటె ఎక్కువ నిలుపవలెను. మఱియు పొట్టిగా కోసినచో గుత్తియే పోవును.

పలు సంవత్సరములు కత్తెర తగులని పందిరిని ఒక్కసారిగా నఱకరాదు. ముందుగా ఎండినవానిని, తెగులు పట్టినవానిని తీసివేయవలెను. పిమ్మట వేసవి కత్తిరింపు నాడు ముసలికొమ్మలలో సగము మాత్రము మాను దగ్గఱి బలమైన చిగురు వఱకు కోసి, మిగిలిన సగమును మరుసటి యేడు కోయవలెను. కోసిన భాగమున ఆ యేటి కాపు తగ్గును. ఈ నష్టమునకు జంకి పలువురు రైతులు ఏటేట వాయిదా వేయుదురు. అంతలో కాపు మానునకు దూరమై పందిరి అంచులకు చేరును.

కత్తెర పదునుగా నుండవలెను. కోతను కంటికి కొంచెము పైగా వేయవలెను. కోసినచోట నీరు కారినను భయము లేదు. వెంటనే బోర్డో మిశ్రమము చల్లవలెను. 100 లీటర్ల నీటికి మైలుతుత్తము 1 కిలో, సున్నము 1 కిలో చాలును. వీనిని ఇనుప పాత్రలలో కలుపరాదు. మెఱుగు పెట్టిన కత్తిని అందులో ముంచినపుడు రాగివన్నె పట్టినచో ఇంకను సున్నము చేర్చవలెను. కోసిన రెమ్మలను తోటలో నుంచక కాల్చివేయవలెను.

కత్తిరింపు సరిపోయినదో లేదో తెలిసికొనుటకు, క్రొత్త ఆకు పఱచుకొనిన తరువాత మిట్టమధ్యాహ్నము పందిరి క్రింద నిలిచి చూడవలెను. నేలపై అక్కడక్కడ ఎండ చుక్కలు పడుచున్న పందిరియే చక్కగా కాయును.