మంచుకొండల చెంత చదువు – స్కీయింగ్‌కు వీలున్న విశ్వవిద్యాలయాన్ని ఎంచుకోవడం ఎలా?



పై చదువులకు విదేశాలకు వెళ్ళాలనుకునే విద్యార్థి విశ్వవిద్యాలయం ర్యాంకు చూస్తాడు, ఫీజు చూస్తాడు, ఉద్యోగావకాశాలు చూస్తాడు. ఇవన్నీ చూడవలసినవే. కాని అక్కడ రెండేళ్ళో నాలుగేళ్ళో బతకాలి కూడా. అమెరికా, కెనడా, యూరప్ దేశాల ఉత్తర ప్రాంతాల్లో నవంబరు నుండి ఏప్రిల్ దాకా చలికాలమే. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. బయట మోకాలి లోతు మంచు. అలవాటు లేని మనవాళ్ళు చాలామంది ఆ ఐదు నెలలూ గదిలోనే ఉండిపోయి దిగులు పడతారు. అక్కడి విద్యార్థులేమో అదే మంచు కోసం ఏడాదంతా ఎదురుచూస్తారు. వాళ్ళను బయటికి రప్పించే ఆటల్లో ముఖ్యమైనది స్కీయింగ్.

"అది డబ్బున్నవాళ్ళ ఆట, మనకెందుకు?" అని అడగవచ్చు. నిజంగానే అది ఖరీదైన ఆట. అయితే విద్యార్థిగా ఉన్నప్పుడు, సరైన చోట చేరితే, అదే ఆట చాలా తక్కువ ఖర్చుతో అందుతుంది. అటువంటి చోటును గుర్తించడం ఎలాగో తెలియజేయడమే ఈ వ్యాస ఉద్దేశం.

స్కీయింగ్ అంటే ఏమిటి?

మనకు మంచు అంటే సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున పొలాల మీద కమ్ముకునే పొగమంచు. అక్కడి మంచు అలా కాదు. దూదిలా రాలి, పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఆ పేరుకున్న మంచు వాలు మీద, రెండు పొడవాటి సన్నని పలకలను బూట్లకు బిగించుకుని, చేతుల్లో రెండు కర్రలతో జారుతూ దిగడమే స్కీయింగ్. పైకి తీసుకుపోవడానికి తీగ మీద వేలాడుతూ కదిలే కుర్చీలు ఉంటాయి. వీటిని లిఫ్టులు అంటారు. లిఫ్టు ఎక్కడానికి టికెట్టు కొనాలి. ఈ ఆటలో అసలు ఖర్చు ఈ టికెట్టుదే.

వాలుల కష్టాన్ని రంగులతో సూచిస్తారు. అమెరికాలో ఆకుపచ్చ గుర్తు కొత్తవారికి, నీలం ఒక మాదిరి నేర్చినవారికి, నలుపు బాగా ఆరితేరినవారికి. యూరప్‌లో నీలానికీ నలుపుకూ మధ్య ఎరుపు కూడా ఉంటుంది.

మొదట కోర్సు, తరువాతే కొండ

ఈ మాట ముందే చెప్పాలి. 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో డాక్టర్ అంబేద్కర్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళింది చదువు కోసం. మనం వెళ్ళేదీ అందుకే. కాబట్టి మనకు కావలసిన కోర్సు ఉన్న, ఫీజు భరించగలిగిన, ఉపకార వేతనం వర్తించే ఐదారు విశ్వవిద్యాలయాల పేర్లు మొదట రాసుకోవాలి. స్కీయింగ్ వీలు అనేది ఆ ఐదారింటిలో ఒకదాన్ని ఎంచుకోవడానికి పనికి వచ్చే అంశం మాత్రమే.

కేంద్ర సాంఘిక న్యాయ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. తెలంగాణలో అంబేద్కర్ విదేశీ విద్యానిధి పథకం ఉంది. వీటికి ఆదాయ పరిమితి, మార్కులు, విశ్వవిద్యాలయం ర్యాంకు వంటి షరతులు ఉంటాయి, అవి మారుతూ కూడా ఉంటాయి. ఏ దేశాలకు, ఏ విశ్వవిద్యాలయాలకు వర్తిస్తుందో దరఖాస్తు చేసే ఏడాది నిబంధనల్లోనే చూసుకోవాలి.

కిలోమీటర్లు కాదు, బస్సు చూడాలి

విశ్వవిద్యాలయాల పుస్తకాల్లో "మంచుకొండలు గంట దూరంలో" అని రాస్తారు. ఆ గంట కారులో ప్రయాణించేవారి గంట. కొత్తగా వెళ్ళిన విద్యార్థికి కారు ఉండదు. మంచు రోడ్ల మీద నడపడం రాదు. కాబట్టి కొండ ఎంత దూరంలో ఉందన్న దానికంటే బస్సో రైలో అక్కడిదాకా వెళుతుందా అన్నదే ముఖ్యం. కొన్ని ఉదాహరణలు చూద్దాం.

ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ నగరంలో 1669లో స్థాపించిన విశ్వవిద్యాలయం ఉంది. 1964, 1976 శీతాకాల ఒలింపిక్స్ ఈ నగరంలోనే జరిగాయి. ఊరి నడిబొడ్డున కొండ రైలు ఎక్కి, ఆపై తీగ మీద నడిచే పెట్టెల్లో మారితే అరగంటలోపే నార్డ్‌కెట్ కొండల మీద ఉంటాము. యూరప్ బయటి దేశాల విద్యార్థులకు అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ఫీజు సెమిస్టరుకు సుమారు 727 యూరోలు. అయితే ఎక్కువ కోర్సులు జర్మన్ భాషలో ఉంటాయి. నార్డ్‌కెట్ వాలులు కూడా నిటారుగా ఉంటాయి కనుక కొత్తవారు చుట్టుపక్కల ఉన్న చిన్న కొండల మీద నేర్చుకోవడం మంచిది.

నార్వే రాజధాని ఓస్లోలో జనం స్కీ పలకలు భుజాన వేసుకుని మెట్రో రైలు ఎక్కడం మామూలు దృశ్యం. ఆ రైలు హోల్మెన్‌కోలెన్ కొండల మీదికి వెళుతుంది. కాని 2023 నుండి యూరప్ బయటి విద్యార్థులకు నార్వే ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఉచిత విద్య తీసేసి ఫీజు పెట్టారు. అక్కడ చదువు ఉచితమని పాత పుస్తకాల్లో ఉన్నది చూసి మోసపోకూడదు.

అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్ విశ్వవిద్యాలయానికి సుమారు 34 కి.మీ. దూరంలో ఎల్డోరా అనే స్కీ స్థలం ఉంది. శీతాకాలంలో ప్రజారవాణా బస్సు నేరుగా అక్కడికి వెళుతుంది. యూటా విశ్వవిద్యాలయం సాల్ట్ లేక్ సిటీలో ఉంది. 2002 ఒలింపిక్స్ ప్రారంభోత్సవం ఆ విశ్వవిద్యాలయం స్టేడియంలోనే జరిగింది. క్రీడాకారులు బస చేసిన భవనాలు తరువాత విద్యార్థుల హాస్టళ్ళయ్యాయి. 2034 ఒలింపిక్స్ కూడా ఆ నగరానికే దక్కాయి. ఆల్టా, స్నోబర్డ్, బ్రైటన్, సాలిట్యూడ్ అనే నాలుగు స్కీ స్థలాలు దగ్గర్లోనే ఉన్నాయి, స్కీ బస్సులూ నడుస్తాయి. అయితే ఆల్టా, స్నోబర్డ్‌లకు వెళ్ళే లోయ రోడ్డు మంచుచరియలు పడే ప్రమాదం ఉన్న రోజుల్లో మూసేస్తారు. సెలవు రోజుల్లో కార్ల వరుస కిలోమీటర్ల పొడవున నిలుస్తుంది. దగ్గర ఉన్నంత మాత్రాన రోజూ వెళ్ళగలమని కాదు.

సొంత కొండ ఉన్న విశ్వవిద్యాలయాలు

కొన్ని విద్యాసంస్థలకు సొంత స్కీ కొండలే ఉన్నాయి. మన ఇంజనీరింగ్ విద్యార్థులు ముఖ్యంగా తెలుసుకోవలసినది మిచిగన్ టెక్నలాజికల్ విశ్వవిద్యాలయం. ఇది 1885లో గనుల విద్య కోసం హౌటన్ అనే చిన్న ఊరిలో మొదలైంది. ఏటా సగటున ఐదు మీటర్లకు పైగా మంచు కురిసే చోటు. ఊరి పక్క కాలువకు అవతలి ఒడ్డున ఉన్న మాంట్ రిప్లీ కొండ ఈ విశ్వవిద్యాలయానిదే. విద్యార్థులు కట్టే ఫీజులోనే ఈ కొండ లిఫ్టు ఖర్చు కలిసి ఉంటుంది. కొండ చిన్నదే. అయినా మొదటిసారి పలకలు కట్టుకునేవారికి వందల మీటర్ల వాలు అవసరం లేదు. పడి లేచి నేర్చుకునేందుకు దగ్గర్లో ఒక గుట్ట చాలు.

న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని డార్ట్‌మౌత్ కాలేజీలో 1909లోనే విద్యార్థులు కొండలెక్కే, మంచు ఆటలాడే క్లబ్బు పెట్టుకున్నారు. ఈ కాలేజీకి సొంత స్కీ స్థలం ఉంది. వెర్మాంట్ రాష్ట్రంలోని మిడిల్‌బరీ కాలేజీకి కూడా ఉంది. అక్కడ ఫిబ్రవరిలో పట్టా పుచ్చుకునే విద్యార్థులు స్నాతకోత్సవపు గౌన్లు వేసుకునే కొండ మీది నుండి స్కీ పలకలతో జారుతూ వస్తారు! ఇవి చాలా ఖరీదైన ప్రైవేటు కాలేజీలు. ఐతే ఇంటర్ తరువాత డిగ్రీకే వెళ్ళాలనుకునే తెలివైన పేద విద్యార్థి వీటిని వదిలేయనక్కరలేదు. డార్ట్‌మౌత్ 2022 నుండి విదేశీ విద్యార్థులకు కూడా ఆర్థిక స్థితి చూడకుండా సీటు నిర్ణయించి, తరువాత అవసరాన్ని బట్టి సహాయం చేస్తోంది.

ఖర్చు ఎంత? తగ్గించుకోవడం ఎలా?

అమెరికాలోని పెద్ద స్కీ స్థలాల్లో రద్దీ రోజుల్లో కిటికీ దగ్గర కొనే ఒక్కరోజు టికెట్టు 300 డాలర్లు దాటింది. అంటే మన రూపాయల్లో పాతికవేలకు పైమాటే. ఇలా కొంటే ఒక్క ఆదివారానికే నెల తిండి ఖర్చు పోతుంది. కింది విషయాలు గుర్తుంచుకోవాలి.

1. సీజను మొత్తానికి చెల్లే పాసు విద్యార్థులకు తగ్గింపు ధరకు ఇస్తారు. శీతాకాలం దగ్గరయ్యే కొద్దీ దీని ధర పెరుగుతుంది. కాబట్టి చేరిన వెంటనే విచారించాలి.

2. బూట్లు, పలకలు, కర్రలు, హెల్మెట్ మొదటి ఏడాది కొనకూడదు. చాలా విశ్వవిద్యాలయాల్లో ఆట వస్తువులు అద్దెకిచ్చే కేంద్రం ఉంటుంది. బయటి దుకాణాలకంటే అక్కడ చవక.

3. స్కీ క్లబ్బులో చేరాలి. క్లబ్బు బస్సు, గుంపుగా కొనే టికెట్ల తగ్గింపు, నేర్పే సీనియర్లు, ముఖ్యంగా స్నేహితులు అక్కడే దొరుకుతారు.

4. నూలు బట్టలతో మంచులోకి వెళ్ళకూడదు. నూలు తడిసి ఒళ్ళు చల్లబడుతుంది. లోపల ఉన్నిది గాని సింథటిక్‌ది గాని, పైన నీరు దిగని కోటు వేసుకోవాలి.

5. లిఫ్టు అవసరం లేని స్కీయింగ్ కూడా ఉంది. చదును నేల మీద, అడవి దారుల్లో సన్నని పలకలతో నడిచినట్టు సాగేది. దీనికి ఖర్చు చాలా తక్కువ, ఒంటికి వ్యాయామం ఎక్కువ.

టైంటేబులు, మంచు కాలం

ఉత్తర దేశాల్లో స్కీ కాలం దాదాపు నవంబరు చివరి నుండి ఏప్రిల్ మధ్య దాకా. అందులో డిసెంబరు పరీక్షల నెల. జనవరి నుండి రెండో సెమిస్టరు. వారంలో ఒక పని రోజు క్లాసులు లేకుండా టైంటేబులు కుదిరితే రద్దీ తక్కువ ఉన్న రోజున వెళ్ళవచ్చు. న్యూజిలాండ్‌లో చలికాలం జూన్ నుండి సెప్టెంబరు దాకా ఉంటుందని మరువకూడదు.

కొండ ఎత్తు కూడా చూడాలి. కెనడాలోని వాంకూవర్ నగరానికి ఆనుకునే మూడు స్కీ కొండలున్నాయి. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ విద్యార్థులు సాయంత్రం క్లాసు అయ్యాక కూడా వెళ్ళి రాగలరు. కాని సముద్రం పక్కన ఉన్న తక్కువ ఎత్తు కొండలివి. 2010 ఒలింపిక్స్‌లో వాటిలో ఒకటైన సైప్రస్ కొండ మీద మంచు చాలక లారీల్లో, హెలికాప్టర్లలో తెచ్చి పోశారు. భూమి వేడెక్కే కొద్దీ ఇటువంటి తక్కువ ఎత్తు కొండల మీద మంచు రోజులు తగ్గిపోతున్నాయి.

వీసా, బీమా, భద్రత

స్కీ స్థలాల్లో పనిచేసేవారికి పాసు ఉచితంగా ఇస్తారు. అది చూసి ఆశపడకండి. అమెరికా ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలకు మించకుండా పని చేయాలి. అనుమతి లేకుండా బయట పని చేస్తే వీసాకే ముప్పు. ఉచిత పాసు కోసం చదువు మొత్తం పోగొట్టుకున్నట్టవుతుంది.

స్కీయింగ్‌లో ఎక్కువగా దెబ్బ తగిలేది మోకాలికి. ఆ దేశాల్లో ఒక్క ఆపరేషను ఖర్చు మన కుటుంబాన్ని అప్పులపాలు చేయగలదు. విశ్వవిద్యాలయం ఇచ్చే ఆరోగ్య బీమా స్కీయింగ్ గాయాలకు వర్తిస్తుందా, కొండ మీది నుండి కిందికి చేర్చే ఖర్చు అందులో ఉందా అన్నది కాగితం చదివి తెలుసుకోవాలి. మొదటి రోజు తప్పక శిక్షకుని దగ్గర పాఠం తీసుకోవాలి. గుర్తించిన వాలులు దాటి వెళ్ళకూడదు, మంచుచరియల ప్రమాదం అక్కడే ఎక్కువ.

మన దేశంలోనే కావాలంటే

విదేశాలకు వెళ్ళనివారు నిరాశ పడనక్కరలేదు. శ్రీనగర్ నుండి గుల్మార్గ్ సుమారు 50 కి.మీ. శ్రీనగర్ ఎన్.ఐ.టి.లో చదివే తెలుగు విద్యార్థులకు ఇది అందుబాటు. అయితే సరిగ్గా మంచు కాలంలోనే ఆ కాలేజీకి దీర్ఘ సెలవులు ఇవ్వడం ఆనవాయితీ. ఇంటికి వచ్చే ముందో, తిరిగి వెళ్ళినప్పుడో ప్రణాళిక వేసుకోవాలి. గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ వారి స్కీయింగ్ శిక్షణ సంస్థ ఉంది. ఐ.ఐ.టి. మండీ ఉన్న మండీ పట్టణం నుండి మనాలి సుమారు 110 కి.మీ. మనాలిలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ సోలాంగ్ లోయలో రెండు వారాల ప్రాథమిక కోర్సు నడుపుతుంది. భోజనం, బస, సామగ్రి అన్నీ కలిపిన ప్రభుత్వ కోర్సు కనుక నేర్చుకోవడానికి మంచి మార్గం. మనాలి దగ్గరి పల్లెలో పెరిగిన ఆంచల్ ఠాకూర్ 2018లో టర్కీలో కంచు పతకం గెలిచింది. స్కీయింగ్‌లో మన దేశానికి వచ్చిన తొలి అంతర్జాతీయ పతకం అది. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు మన దేశం నుండి వెళ్ళిన ఒకే ఒక్క క్రీడాకారుడు కాశ్మీరుకు చెందిన ఆరిఫ్ ఖాన్.

దరఖాస్తుకు ముందు అడగవలసిన ప్రశ్నలు

ఎంచుకున్న ప్రతి విశ్వవిద్యాలయం గురించి నోటుబుక్కులో ఒక పేజీ కేటాయించి వీటికి జవాబులు రాసుకోండి. అక్కడ చదువుతున్న సీనియర్లను, విశ్వవిద్యాలయం వారి విదేశీ విద్యార్థుల కార్యాలయాన్ని అడిగితే చెబుతారు.

- నా కోర్సు, నా ఉపకార వేతనం రెండూ ఇక్కడ కుదిరాయా?
- కారు లేకుండా కొండకు చేరగలనా? ఆఖరి బస్సు ఎన్నింటికి?
- విద్యార్థి పాసు ధర ఎంత? ఎప్పటిలోగా కొనాలి?
- సామగ్రి అద్దెకు దొరుకుతుందా? కొత్తవారికి పాఠాలున్నాయా?
- ఆకుపచ్చ లేక నీలం వాలులు తగినన్ని ఉన్నాయా?
- మంచు ఏ నెల నుండి ఏ నెల దాకా నిలుస్తుంది?
- బీమా దేనికి వర్తిస్తుంది, దేనికి వర్తించదు?

ఈ ఏడు ప్రశ్నలకూ జవాబులు దొరికిన విశ్వవిద్యాలయమే మంచుకు నిజంగా దగ్గరగా ఉన్నట్టు లెక్క.

మంచు మన పిల్లలకు కొత్త కావచ్చు, పరాయిది కాదు. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడిన మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఇద్దరూ మన సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. భువనగిరి గుట్ట మీద బండలెక్కడం నేర్చుకుని, డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ పొంది వాళ్ళు అక్కడికి చేరారు. ముందుగా తెలుసుకుని, క్రమంగా నేర్చుకుంటే చదువుతోపాటు ఈ ఆట కూడా మనకు అందుతుంది. చక్కగా చదవండి, ప్రశ్నలన్నీ అడిగి ఎంచుకోండి, ధైర్యంగా వెళ్ళిరండి.