భక్తుల చరిత్రకారుడు – పాల్కురికి సోమనాథుడు

రాజుల వంశచరిత్రలను శాసనాలు భద్రపరిచాయి. మడివాలు మాచయ్య అనే రజకుడు, కుమ్మరి గుండయ్య వంటి సామాన్య భక్తుల జీవితాలను తెలుగులో శాశ్వతం చేసినవాడు పాల్కురికి సోమనాథుడు.

సోమనాథుడు వీరశైవ కవి. 13వ శతాబ్దివాడని పలువురు పండితుల అభిప్రాయం. 12వ శతాబ్దిలో కల్యాణ నగరంలో బిజ్జలుని మంత్రియైన బసవేశ్వరుడు కులభేదాలను నిరసించి శివభక్తిని ప్రచారం చేశాడు. ఆయన చరిత్రతోపాటు భక్తుల కథలను కూర్చి సోమనాథుడు 'బసవపురాణం' రచించాడు. పామరులు సైతం పాడుకోదగిన ద్విపదను, జానుతెనుగును అందుకు ఎన్నుకున్నాడు. 1369లో భీమకవి దీనిని కన్నడంలోకి తెచ్చాడు.

ఆయన మరో కృతి 'పండితారాధ్య చరిత్ర'. ఇది మల్లికార్జున పండితారాధ్యుని జీవితగాథ. ఇందలి పర్వత ప్రకరణం శ్రీశైల వైభవాన్ని, శివరాత్రి యాత్రికుల ఆటపాటలను వర్ణిస్తుంది. నేటికీ కర్నూలు సీమ భక్తులు నల్లమల అడవుల గుండా కాలినడకన సాగించే యాత్రకు పూర్వరూపం అందులో గోచరిస్తుంది.

సోమనాథునిది భక్తుని దృష్టి. మహిమలను ఆయన యథార్థాలుగానే చెప్పాడు. పరమతాలను తీవ్రంగా ఖండించాడు. కావున చరిత్ర విద్యార్థి ఆయన మాటలను పరిశీలించి స్వీకరించాలి. అయినప్పటికీ, నాటి ప్రజల ఆటలు, పాటలు, వృత్తులు, ఆచారాలు తెలియడానికి ఆయన కావ్యాలే గొప్ప ఆధారాలు. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) రచనలో వీటిని విరివిగా ఉపయోగించుకున్నాడు.