మైళ్లు పోగేశాం... మనవాళ్లని చేరామా?

జాన్సన్‌విల్, న్యూజిలాండ్‌: సోమవారం తెల్లారకముందే లేవాలి. పిల్లలు ఇంకా నిద్రలోనే ఉంటారు. చిన్న పెట్టె, లాప్‌టాప్ సంచీ పట్టుకుని జాన్సన్‌విల్‌ స్టేషన్‌కి నడక. 1938 నుంచీ కరెంటుతో నడుస్తున్న బుల్లి రైలు మార్గమిది. వెల్లింగ్టన్‌లో దిగి ఎయిర్‌పోర్టు బస్సు పట్టుకుంటే, అక్కణ్ణుంచి గంటలో ఆక్లాండ్‌. గురువారం సాయంత్రం మళ్లీ ఇల్లు. తెనాలి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మా మిత్రుడొకాయన నాలుగేళ్లు గడిపిన జీవితమిది. సాఫ్ట్‌వేర్‌ కన్సల్టెంటు. పేరు రాయొద్దన్నారు.

‘మా ఊళ్లో ఆర్టీసీ బస్సెక్కినన్ని సార్లు కూడా ఉండదండీ, ఇక్కడ విమానం ఎక్కాను’ అంటారాయన నవ్వుతూ.

కంపెనీ డబ్బు, మన పాయింట్లు

తరచూ తిరిగేవాళ్లకి ఎయిర్‌లైన్స్‌ ఇచ్చే పాయింట్ల పథకాలు కొత్తవేం కావు. 1981లో అమెరికన్‌ ఎయిర్‌లైన్స్‌ మొదలుపెట్టిన అడ్వాంటేజ్‌ని చూసి మిగతావాళ్లూ అదే బాట పట్టారు. ఎయిర్‌ న్యూజిలాండ్‌ వారి ఎయిర్‌పాయింట్స్‌ లెక్క తేలిక. ఒక ఎయిర్‌పాయింట్స్‌ డాలరంటే వాళ్ల టికెట్టు మీద ఒక న్యూజిలాండ్‌ డాలరే. టికెట్టు కంపెనీ కొన్నా, పాయింట్లు సాధారణంగా ప్రయాణించినవాడి ఖాతాలోనే పడతాయి.

మన మిత్రుడి పద్ధతి ఒక్కటే... ఒకే కూటమిని పట్టుకోవడం. ఎయిర్‌ న్యూజిలాండ్‌, సింగపూర్‌ ఎయిర్‌లైన్స్‌, ఎయిరిండియా మూడూ స్టార్‌ అలయన్స్‌లోనివే. నలుగురి దగ్గర తలా కాస్త పోగేస్తే ఎక్కడా దేనికీ చాలవు. ఒకచోట పోగేస్తే గోల్డ్‌ కార్డు వస్తుంది. లాంజిలో వేడి కాఫీ సంగతి అటుంచండి, అదనంగా ఇంకో పెట్టె తీసుకెళ్లనిస్తారు. ఊరి నుంచి వచ్చేటప్పుడు దాని విలువేంటో మన ఇల్లాళ్లని అడగాలి! అయితే ఏ కార్డున్నా ఆక్లాండ్‌లో ఆవకాయ సంగతి డిక్లరేషన్‌లో చెప్పాల్సిందే. దాచి దొరికిపోతే 400 డాలర్ల జరిమానా.

ఆ రాత్రి ఫోను

పాయింట్లన్నీ దాచి అమ్మానాన్నలని బిజినెస్‌ క్లాసులో రప్పించాలని ఆయన కోరిక. అమ్మకి మోకాళ్ల నొప్పులు, నాన్నకి బీపీ. అప్పటికే ఇద్దరి టికెట్లకీ సరిపడా పోగయ్యాయి. ‘ఇంకొన్ని పడితే రానూపోనూ రెండూ బిజినెస్సే’ అనుకుంటూ ఏడాది జరిపారు.

మూడేళ్ల క్రితం ఓ రాత్రి తమ్ముడి ఫోను. ‘అన్నయ్యా, నాన్నని ఐసీయూలో పెట్టారు. బయల్దేరు.’

పాయింట్ల మీద సీట్ల కోసం చూస్తే మర్నాటికి ఒక్కటీ లేదు. డబ్బు పెట్టి కొందామంటే ధర మండిపోతోంది. కంగారులో చవగ్గా దొరికిందని ఆక్లాండ్‌ వరకు ఒక టికెట్టు, అక్కణ్ణుంచి హైదరాబాద్‌కి వేరే టికెట్టు కొన్నారు. వెల్లింగ్టన్‌ గాలి గురించి తెలిసిందే కదా! రెండు వైపులా సముద్రమున్న రన్‌వే అది. ఆ పొద్దున గాలి లేచింది, విమానం రద్దయింది. తర్వాతి దాంట్లో ఆక్లాండ్‌ చేరేసరికి పెద్ద విమానం వెళ్లిపోయింది. టికెట్లు వేర్వేరు కాబట్టి బాధ్యత ఎవరిదీ కాదన్నారు. ఒక రోజు పోయింది.

శంషాబాద్‌లో దిగి ఫోను ఆన్‌ చేస్తే, తమ్ముడు మాట్లాడలేకపోతున్నాడు.

‘తలకొరివి పెట్టగలిగానండీ. బతికుండగా చూడలేకపోయాను. నా ఖాతాలో రెండు బిజినెస్‌ క్లాసు టికెట్లున్నాయి. ఏం చేసుకోను?’ అన్నారాయన. మేం బదులు చెప్పలేకపోయాం.

పాయింటు పొలం కాదు

పొలమైతే దాచినకొద్దీ విలువ పెరుగుతుంది. పాయింటు అలా కాదు, దాని ధర నిర్ణయించేది ఎయిర్‌లైనే. సింగపూర్‌ వారి క్రిస్‌ఫ్లయర్‌ మైళ్లకి సాధారణంగా 36 నెలలే ఆయుష్షు. క్వాంటాస్‌ ఖాతాలో 18 నెలలు ఏ కదలికా లేకపోతే పాయింట్లు పోతాయి. కంపెనీయే మునిగితే? 2001 సెప్టెంబరులో ఆస్ట్రేలియాలో యాన్సెట్‌ ఆగిపోయింది. అప్పుడు దాని యజమాని ఎయిర్‌ న్యూజిలాండే. 2012లో కింగ్‌ఫిషర్‌ ఆగిపోయింది. వాటిని నమ్ముకుని పాయింట్లు దాచుకున్నవాళ్ల గతేమిటో చెప్పక్కర్లేదు.

ఇక్కణ్ణుంచి ఇండియాకి నేరు విమానం ఇంకా లేదు. 2028 చివరికల్లా వేసే సంగతి చూస్తామని ఎయిరిండియా, ఎయిర్‌ న్యూజిలాండ్‌ 2025 మార్చిలో ప్రకటించాయి. అందాకా ఎక్కడో ఒకచోట మారక తప్పదు. అందుకే మిత్రుడు అందరికీ చెప్పే మాటలివి:

• ఊరికి వెళ్లేటప్పుడు వెల్లింగ్టన్‌ నుంచి హైదరాబాద్‌ దాకా ఒకే టికెట్టు తీసుకోండి. వంద డాలర్లు ఎక్కువైనా సరే. మధ్యలో ఒకటి తప్పితే తర్వాతి దాంట్లో పంపే బాధ్యత వాళ్లది.

• ఆక్లాండ్‌లో డొమెస్టిక్‌, ఇంటర్నేషనల్‌ టెర్మినళ్లు వేర్వేరు. నడక పదినిమిషాలు. మధ్యలో కనీసం మూడు గంటలైనా ఉంచుకోండి.

• సిడ్నీ, మెల్‌బోర్న్‌ మీదుగా వెళ్తున్నారా? ఇండియన్‌ పాస్‌పోర్టు ఉంటే ఆస్ట్రేలియా ట్రాన్సిట్‌ వీసా సంగతి ముందే చూసుకోండి. దానికి ఫీజు లేదు గానీ అర్ధరాత్రి కంగారులో దొరికేది కాదు.

• పాయింట్ల కోసం క్రెడిట్‌ కార్డు గీకి, నెల తిరిగేసరికి బాకీ కట్టలేకపోతే, వడ్డీ ముందు పాయింట్లు ఏ మూలకీ రావు.

• మీ మైళ్లతో అమ్మానాన్నలకి టికెట్టు తీయొచ్చేమో కనుక్కోండి. క్రిస్‌ఫ్లయర్‌లో అయితే ఐదుగురి పేర్లు ముందే నమోదు చేయొచ్చు.

• అత్యవసరానికంటూ ఒక టికెట్టు డబ్బు బ్యాంకులో విడిగా ఉంచండి. ఆ రాత్రి పనికొచ్చేది అదే.

అమ్మ వచ్చింది

సంవత్సరీకాలు అయ్యాక ఆ పాయింట్లతోనే వాళ్లమ్మగారిని రప్పించారు. చక్రాల కుర్చీ ముందే చెప్పి పెట్టారు. మాటలు రాని దేశాల్లో కూడా ఆవిడ దిగులు లేకుండా విమానాలు మారి వచ్చారు. రెండో బిజినెస్‌ టికెట్టు? ‘అది నాన్నది. తమ్ముడికి ఇచ్చాను. అమ్మకి తోడుగా వచ్చాడు.’

మిత్రుడు ఇప్పుడు వారం వారం ఆక్లాండ్‌ వెళ్లడం మానేసి వెల్లింగ్టన్‌లోనే ఉద్యోగం చూసుకున్నారు. గోల్డ్‌ కార్డు పోయింది. ‘పోనీండి. సోమవారం పొద్దున పిల్లలకి నేనే దోసెలు పోస్తున్నాను’ అంటున్నారు.