ప్రేగుల రక్షణలో నైట్రిక్ ఆక్సైడ్

నైట్రిక్ ఆక్సైడ్ ఒక నత్రజని పరమాణువు, ఒక ఆక్సిజన్ పరమాణువు కలిసి ఏర్పడిన వాయువు. రక్తనాళాల లోపొర కణాలు దీనిని నిరంతరం కొద్ది మోతాదులో తయారుచేస్తూ ఉంటాయి. ప్రేగులకు రక్తప్రసరణ తగ్గినప్పుడు, తిరిగి మొదలైనప్పుడు కలిగే నష్టాన్ని ఇది కొంతవరకు అరికడుతుంది. మోతాదు మించితే ఇదే వాయువు హాని కలిగిస్తుంది. మత్తు ఇవ్వడానికి వాడే నైట్రస్ ఆక్సైడ్ దీనికంటే భిన్నమైన పదార్థం.

ప్రేగులకు కలిగే నష్టం

చిన్నప్రేగుకు ప్రధానంగా రక్తాన్ని అందించేది సుపీరియర్ మెసెంటెరిక్ ధమని. గుండె లయ తప్పినవారిలో గుండెలో ఏర్పడిన రక్తపు గడ్డ కొట్టుకువచ్చి ఈ ధమనిలో ఇరుక్కోవచ్చు. ప్రేగు మెలిపడినా, హెర్నియాలో బిగుసుకుపోయినా రక్తం అందదు. ఈ స్థితిని ఇస్కీమియా అంటారు.

ప్రేగు లోపలి గోడపై వేళ్లవలె ఉండే చూషకాల కొనలు మొదట దెబ్బతింటాయి. చూషకంలోకి వెళ్లే ధమని, బయటకు వచ్చే సిర పక్కపక్కనే ఉండటం వలన కొంత ఆక్సిజన్ కొనను చేరకముందే సిరలోకి మళ్లిపోతుంది. లోపొర పాడైతే ప్రేగులోని బాక్టీరియా, విషపదార్థాలు రక్తంలో ప్రవేశించే ప్రమాదం ఉంది.

ప్రేగు బ్రతకాలంటే రక్తం తిరిగి రావలసిందే. కానీ ఆ రక్తంతో వచ్చే ఆక్సిజన్ నుండి సూపరాక్సైడ్ అనే చురుకైన పదార్థం పుడుతుంది. తెల్ల రక్తకణాలు నాళాల గోడలకు అంటుకొని కణజాలంలోకి చొరబడతాయి. దీనిని రీపర్ఫ్యూజన్ నష్టం అంటారు.

రక్షణ విధానం

ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం నుండి నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్ అనే ఎంజైము ఈ వాయువును తయారుచేస్తుంది. దీని ముఖ్యమైన పనులు ఇవి:

* రక్తనాళాల కండర కణాలలో సైక్లిక్ జి.ఎం.పి. ని పెంచి, నాళాలను సడలించి, రక్తప్రవాహాన్ని పెంచుతుంది.
* తెల్ల రక్తకణాలు నాళాల గోడలకు అంటుకోకుండా ఆపుతుంది.
* ప్లేట్‌లెట్లు గుమిగూడి గడ్డకట్టకుండా చూస్తుంది.
* నాళాల నుండి ద్రవం బయటకు కారడాన్ని తగ్గిస్తుంది.

ఈ ఎంజైము పనిచేయడానికి ఆక్సిజన్ కావాలి. కనుక రక్షణ ఎక్కువగా అవసరమైన సమయంలోనే ఈ మార్గం మందగిస్తుంది. అప్పుడు నైట్రైట్ నుండి కొంత నైట్రిక్ ఆక్సైడ్ ఏర్పడుతుంది. పాలకూర, బీట్‌రూట్ వంటివాటిలోని నైట్రేట్‌ను నోటిలోని బాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తాయి.

రెండు ముఖాలు

వాపు ఏర్పడినప్పుడు ఇదే ఎంజైములోని మరొక రకం ఉత్పత్తి అయి, చాలా ఎక్కువ మోతాదులో నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తుంది. అది సూపరాక్సైడ్‌తో కలిసి పెరాక్సీనైట్రైట్‌గా మారి కణాలలోని కొవ్వులను, ప్రోటీన్లను, డి.ఎన్.ఏ. ను పాడుచేస్తుంది. అందువలన దీని ఫలితం మోతాదు, సమయం, తయారైన చోటు అనే మూడింటిపై ఆధారపడి ఉంటుంది.

పరిశోధనలు

రక్తనాళాల లోపొర నుండి నాళాన్ని సడలించే పదార్థం వెలువడుతుందని రాబర్ట్ ఫర్చ్‌గాట్ 1980లో చూపారు. అది నైట్రిక్ ఆక్సైడ్ అని 1987లో తేలింది. ఈ రంగంలో కృషికి ఫర్చ్‌గాట్, లూయీ ఇగ్నారో, ఫెరిద్ మురాద్ 1998లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందారు.

పాల్ క్యూబ్స్, నీల్ గ్రాంజర్ తదితరులు 1991లో పిల్లుల ప్రేగులను పట్టి ఉంచే పొరలోని చిన్న సిరలపై ప్రయోగం చేశారు. నైట్రిక్ ఆక్సైడ్ తయారీని ఆపగానే సిరల గోడలకు అంటుకునే తెల్లకణాలు బాగా పెరిగాయి. ముందుగా కొద్దిసేపు రక్తాన్ని ఆపి వదిలితే ప్రేగు తరువాతి పెద్ద దెబ్బను తట్టుకుంటుందని, అందులో నైట్రిక్ ఆక్సైడ్ పాత్ర ఉందని 1996లో ఎలుకలపై జరిగిన పరిశోధన తెలిపింది.

చికిత్స

జంతువులలో కనిపించిన ఈ ఫలితాలు మనుషులలో ప్రేగుల ఇస్కీమియాకు నిర్ధారిత చికిత్సగా మారలేదు. అడ్డును తొలగించి రక్తప్రసరణను పునరుద్ధరించడం, చనిపోయిన భాగాన్ని శస్త్రచికిత్సతో తీసివేయడం ముఖ్యమైన వైద్యం. ఆలస్యమైతే ప్రాణాపాయం ఎక్కువ. పొట్టను తాకి చూస్తే మెత్తగానే ఉండి, నొప్పి మాత్రం భరించలేనంతగా ఉండటం దీని తొలి లక్షణం. గుండె జబ్బు ఉన్నవారిలో హఠాత్తుగా ఇటువంటి నొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.