పాటల కొలువునకు వలయు పరికరములు

మేమును మా ఆడుబిడ్డయును కలసి కరవోకె పాటల కొలువులు నడుప మొదలిడి ఏడాది దాటినది. సీమంతములందును, గృహప్రవేశములందును మమ్ము చూచిన స్త్రీలెల్లరు అడుగు ప్రశ్న ఒక్కటే: "ఏ పెట్టెలు కొంటిరి? ఎంత అయినది? మేమును పెట్టవచ్చునా?" ఒక్కొక్కరికి వేరువేరుగ చెప్పుటకంటె, మేము పోగొట్టుకొన్నదియు నేర్చుకొన్నదియు ఒకచోట వ్రాసి పెట్టుట మేలని తోచినది. ఇందు మా గొప్ప ఏమియు లేదు. మా పొరపాటులు మీకు కలుగకున్న చాలును.

కరవోకె యనునది జపాను దేశపు మాట. 'కర' యనగా శూన్యము. 'ఓకె' యనునది ఆర్కెస్ట్రా యను మాటకు వారు చేసికొన్న పొట్టి రూపము. గాయకుని గొంతు లేక వాద్యములు మాత్రమే మ్రోగుచుండ, తెరపై వచ్చు సాహిత్యమును చూచుచు మనము పాడుటయే ఇందలి విశేషము. 1967లో షిగెఇచి నెగిషి యను నతడు ఇట్టి యంత్రమొకటి చేసెను. 1971లో కోబె నగరమున డైసుకె ఇనౌయె యను వాద్యగాడు తనంతట తాను మరియొకటి చేసి, దానిని అమ్మక, పానశాలలకు అద్దెకిచ్చి జీవించెను. కావున ఈ వృత్తి పుట్టుకతోనే అద్దె వ్యాపారమని గ్రహింపుడు. ఈ మాటతో చివర మరల పని కలదు.

మా ఆడుబిడ్డ గొంతు మంచిది. భర్తృవియోగమైన పిదప, ఇంటరు చదువుచున్న కుమార్తెతో మా యింటనే ఉన్నది. అన్నగారిది బడిపంతులు జీతము. ఆ జీతముమీద తానును బిడ్డయును ఆధారపడి యుండుట ఆమెకు సమ్మతము కాలేదు. తన చేతి గాజులు రెండు కుదువబెట్టి, "వదినా, పాట తప్ప నాకు వేరు విద్య లేదు. దీనితోనే నాలుగు రాళ్లు సంపాదింతును" అని పట్టుపట్టినది. మేము కాదనలేకపోయితిమి. నిదానించి విచారింపకపోవుటయే మా తప్పు.

అంగడివాడు మనిషి నడుమెత్తు పెట్టె నొకదానిని చూపెను. దానికి చక్రములు, రంగురంగుల దీపములు, రెండు తీగలేని మైకులు. "రెండువేల వాట్లమ్మా, ఊరంతయు వినబడును" అనెను. 28,000 రూపాయలిచ్చి ఇంటికి తెచ్చితిమి. మొదటి కొలువు ఒక షష్టిపూర్తి. కల్యాణమండపమున సుమారు రెండువందలమంది చేరిరి. ముందు వరుసవారు చెవులు మూసికొనుచుండగా వెనుక వరుసవారు వినబడలేదని కేకలు వేసిరి. పెట్టె గాయకుల వెనుక నుండుటచే మైకు మాటిమాటికి కీచుమని కూసెను. చరవాణి నుండి బ్లూటూతుద్వారా పాట పంపుటచే తెరపై అక్షరములు ముందును, వాద్యము వెనుకను నడిచెను. పెద్దింటి అవ్వగారొకరు అక్షరముల వెంట పాడి తాళము తప్పి, సిగ్గుపడి, మైకును మా చేతికిచ్చి పోయి కూర్చుండిరి. ఇంటివారు మాట్లాడిన సొమ్ములో సగమే ఇచ్చిరి. ఆడలేనివాడు మద్దెల ఓడన్నాడని సామెత కలదు. ఆనాడు మాత్రము మద్దెల నిజముగనే ఓటిది. ఆ రాత్రి మా ఆడుబిడ్డ అన్నము ముట్టలేదు. తుదకు ఆ పెట్టెను 12,000కు అమ్మివేసితిమి. నష్టము 16,000.

మా యింటివారు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పువారు. మరునాటినుండి వారు తెలుపుచుండగా మేమిద్దరము బడిపిల్లలవలె ఒక నోటుపుస్తకము పెట్టుకొని కూర్చుంటిమి. అందు వ్రాసికొన్నవాని సారమిది.

మొదట స్పీకరు సంగతి. పెట్టెపై పెద్ద అక్షరములతో వ్రాసిన వాట్లు తరచుగా 'పీకు' వాట్లు. అనగా క్షణకాలము మాత్రము తాళగల శక్తి. మనకు వలసినది ఎడతెగక ఇయ్యగల శక్తి. దానిని 'ఆర్.ఎమ్.ఎస్.' అని వ్రాయుదురు. ఇంకొక విశేషము వినుడు. వాట్లు రెట్టింపైనను ధ్వని పెరుగునది మూడు డెసిబెళ్లు మాత్రమే. చెవికి రెట్టింపు బిగ్గరగా తోపవలెనన్న సుమారు పదిరెట్లు వాట్లు కావలెను. కావున వేయికిని రెండువేలకును గల భేదము ధరలో కనబడినంతగా చెవికి కనబడదు. స్పీకరు కాగితమున గరిష్ఠ ధ్వని ఎన్ని డెసిబెళ్లో వ్రాసియుండును. పోల్చునప్పుడు దానిని చూడుడు. బయలులో దూరము రెట్టింపైన కొలది ఆరు డెసిబెళ్ల ధ్వని తగ్గును. అందుచేతనే ఒక్క పెద్ద పెట్టెకంటె, ఇరుప్రక్కల రెండు మధ్యరకపు పెట్టెలు మేలు.

మేము కొన్నవి పండ్రెండంగుళముల స్పీకర్లు రెండు, ఆంప్లిఫయరు లోపలనే అమర్చినవి. ఆంప్లిఫయరు వేరుగా కొన్నచో దేనికేది సరిపడునో లెక్క చూచుకొనవలెను. ఇందు ఆ చిక్కు లేదు. పదునైదంగుళములవి మృదంగము, డోలు మొదలగువాని మంద్రధ్వనిని ఇంకను నిండుగా పలికించును గాని, బరువెక్కువ. కొలువు ముగిసిన పిదప అర్ధరాత్రి ఆటోలోనికి ఎత్తవలసినది మనమే గదా! మన చేతులతో ఎత్తలేని వస్తువును కొనవలదు. స్టాండ్లపై నిలిపి, కూర్చున్నవారి తలలకు పైగా ధ్వని పోవునట్లు పెట్టిన ముందు వరుసవారి చెవులు బ్రదుకును, వెనుక వరుసవారికి వినబడును.

రెండవది మైకు. 'డైనమిక్' అను రకమును, అందును ముందునుండి వచ్చు ధ్వనినే ఎక్కువగా గ్రహించి వెనుకదానిని విడుచునట్టి 'కార్డియాయిడ్' రకమును కొనుడు. షూర్ కంపెనీవారి ఎస్.ఎమ్.58 ఇట్టిదే, 1966నుండి నేటివరకు గాయకులు వాడుచునే యున్నారు. దానికి నకళ్లు విస్తారము గావున చౌకగా దొరికినదని మురియక, నమ్మకమైన అంగడిలో రసీదుతో కొనుడు. ఆ ధర భరింపలేనివారికి తక్కువ వెలలో పనికివచ్చు డైనమిక్ మైకులు కలవు. మేము అట్టివే కొంటిమి. మొదట తీగ గలవే మేలు. తీగలేనివానిలో 2.4 గిగాహెర్ట్‌జ్ రకము వైఫై, బ్లూటూతు నడచు దారినే నడచును. చరవాణులు క్రిక్కిరిసిన సభలో మాట తెగవచ్చును. తీగలేనిదే కావలెనన్న యు.హెచ్.ఎఫ్. రకమును చూడుడు.

మైకు కూయుట దయ్యపు చేష్ట కాదు. స్పీకరునుండి వచ్చిన ధ్వని మరల మైకులో దూరి, మరల స్పీకరున పెద్దదై, ఇట్లు చక్రమువలె తిరుగుటయే ఆ కూత. కావున స్పీకర్లు గాయకులకంటె ముందుండవలెను. మైకు వెనుక నుండవలెను. మైకు తలను పిడికిట మూసి పట్టుకొన్నచో, దానికి వెనుకధ్వనిని విడుచు గుణము పోయి కూత పుట్టును. పెండ్లివారింటి కుర్రవాండ్రకు ఈ మాట చెప్పి మైకు ఇయ్యవలెను.

మూడవది మిక్సరు. దీనిని ఇంటి పోపులపెట్టెతో పోల్చవచ్చును. ఏది ఎంత వేయవలెనో ఇక్కడనే నిర్ణయము. నాలుగు మైకులకును, పాటకును చోటుండి, ఎకో లోపలనే యున్నది చాలును. ప్రతి మైకునకు 'గెయిను' అను మీట యుండును. గాయకుడు మిక్కిలి బిగ్గరగా పాడినను ఎఱ్ఱదీపము వెలుగనంతలో దానిని నిలిపి, తక్కిన హెచ్చుతగ్గులు క్రింది మీటతో చేసికొనవలెను. 'లో కట్' అను బొత్తాము నొక్కిన, మైకును చేతితో పట్టుకొనునప్పటి గరగర తగ్గును. ఎకో యనునది కూరలో ఇంగువ వంటిది; ఇంచుక వేసిన కమ్మదనము, ఎక్కువైన వెగటు. మాటలాడునప్పుడు దానిని పూర్తిగా తీసివేయుడు.

నాలుగవది పాట. కంప్యూటరునుండి తీగద్వారానే మిక్సరునకు పంపుడు. బ్లూటూతులో ధ్వని సెకనులో పదవవంతో, అంతకు మించియో ఆలస్యము కావచ్చును. మొదటినాడు ఆ అవ్వగారిని తాళము తప్పించినది ఇదియే. రెండవ చరవాణిలో అవే పాటలు సిద్ధముగా నుంచి, దానిని 'ఫ్లైటు మోడు'లో పెట్టుడు. లేకున్న పల్లవి మధ్య ఎవరో పిలుతురు. శ్రుతి మార్చు సౌకర్యము గల సాఫ్టువేరు తప్పక యుండవలెను. ఘంటసాల వారి పాటను స్త్రీ పాడదలచినను, సుశీలగారి పాటను పురుషుడు పాడదలచినను మూలశ్రుతి పొసగదు. అరస్వరము చొప్పున పైకో క్రిందికో జరిపిన గొంతు హాయిగా సాగును. మరీ ఎక్కువ జరిపినచో వాద్యముల నాదము చెడును. కావున రెండుమూడు మెట్లలో సరిపెట్టుకొనుట మంచిది.

ఐదవది తీగలు, కరెంటు. మూడు సూదుల ఎక్స్.ఎల్.ఆర్. తీగలు ఎంత దూరమైనను రొదను అంతగా రానీయవు. కంప్యూటరు, మిక్సరు, స్పీకర్లు వేరువేరు గోడల ప్లగ్గులకు తగిలించినచో ఒక్కొక్కప్పుడు తుమ్మెద ఝంకారమువంటి మ్రోత పుట్టును. వీలైనంత వరకు ఒక్కచోటినుండియే కరెంటు తీసికొనుడు. ఆ మ్రోత పోవుటకై ప్లగ్గు మూడవ సూదిని విరుచువారు కలరు. అది ప్రాణాపాయము, ఎవరు చెప్పినను వినవలదు. స్విచ్చి వేయునప్పుడు స్పీకర్లు అన్నిటికంటె కడపట, ఆర్పునప్పుడు అన్నిటికంటె ముందు. నేలమీది తీగలను టేపుతో అంటింపుడు. పిల్లలు, పట్టుచీరల ముసలమ్మలు తిరుగు చోట్లవి.

ఈ రెండవ మారు సొమ్ము మా కుమారుని చదువునకై కట్టుకొన్న చీటిది, 70,000. అందు స్పీకర్లకు 42,000, మిక్సరునకు 12,000, మైకులు రెంటికి 7,000, స్టాండ్లకు 5,000, తీగలకు 4,000 అయినవి. కంప్యూటరును టీవీయును ఇంట నున్నవే. ధరలు ఊరూరికి మారును గాని, సగమునకు పైగా స్పీకర్లకే పోవునని మాత్రము గుర్తుంచుకొనుడు. కొనకముందు అంగడిలోనే మన గొంతుతో, మన పాటతో మ్రోగించి చూడవలెను. వారు వినిపించు పాటకు ఏ పెట్టె యైనను బాగుగనే పలుకును.

కొన్న వెంటనే రచ్చకెక్కక, మూడు ఆదివారములు బడి సావడిలో సాధన చేసితిమి. ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు ఊరక చెప్పలేదు. కళాపూర్ణోదయమున నారదుడంతటివాడు తుంబురునిపై మత్సరముతో గానము నేర్వబూని, కృష్ణుని అంతఃపురమున జాంబవతీ సత్యభామా రుక్మిణుల కడ శిక్ష పొందెనని పింగళి సూరన వ్రాసెను. స్త్రీలయొద్ద, ఇంటిలోపల నేర్చిన విద్య తక్కువది కాదని మాకు దానివలన ధైర్యము కలిగినది.

చట్టము మాటయు తెలిసికొనవలెను. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము అధికారుల వ్రాతపూర్వకమైన అనుమతి లేక లౌడుస్పీకరు వాడరాదు. రాత్రి 10 మొదలు ఉదయము 6 వరకు, మూసిన సభామందిరములలో తప్ప, పెట్టరాదు. ఇండ్లుండు ప్రదేశములకు పగటి పరిమితి 55 డెసిబెళ్లు, రాత్రిది 45. ఇక పాటలపై హక్కులు వేరొకరివి. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము వివాహముతో చేరిన వేడుకలకు మినహాయింపు నిచ్చినది గాని, హోటళ్లలోను, టిక్కెట్టు పెట్టిన సభలలోను పాడించుటకు లైసెన్సు కావలెను. అది ఎవరు తీసికొనవలెనో బేరము నాడే తేల్చుకొనుడు.

ఏడాది గడచినది. గాజులు విడిపించితిమి. చీటి సొమ్ములో సగము తిరిగి వచ్చినది. తక్కిన సగము ఇంకను రావలసియున్నది. పెండ్లిండ్లు లేని మూఢములలో పెట్టెలు మూలనుండును; ఆ నెలలకు ఇంటిఖర్చు ముందుగనే దాచుకొనవలెను. మొన్న మాఘమాసమున ఒక పెండ్లిలో ఆ షష్టిపూర్తి అవ్వగారే కనబడిరి. మేము పిలువ సంకోచించితిమి. మా ఆడుబిడ్డయే పోయి, "అమ్మమ్మగారూ, నాటి తప్పు మాది, మీది కాదు" అని చేయిపట్టి తీసికొనివచ్చెను. శ్రుతి రెండు మెట్లు దింపితిమి. ఆమె పాట ఆసాంతము పాడిరి.

సోదరీమణులారా! మీలో ఈ పని తలపెట్టువారుండిన మా మాట ఒక్కటి వినుడు. ఇనౌయె అద్దెకిచ్చి బ్రదికెనని చెప్పితిమి గదా. మీరు అద్దెకు తెచ్చి మొదలుపెట్టుడు. రెండుమూడు కొలువులకు సామగ్రిని అద్దెకు తెచ్చి, మీ ఊర పిలుచువారు కలరో లేరో, మీ ఓపిక చాలునో చాలదో చూచుకొని, అటుపిమ్మట కొనుడు. ఈ మాట మాకెవరైన ముందుగా చెప్పియుండిన, గాజులు చేతినుండి దిగియుండవు.